మొదటి రిమోట్ హెలికాప్టర్: ఏది కొనాలి, కొన్నాక దేన్ని మార్చాలి

"రిమోట్ హెలికాప్టర్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను ముందు బడ్జెట్ అడగను. మీ హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఎంత ఎత్తులో ఉంది, మధ్యాహ్నం పూట మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ఖాళీగా ఉంటుందా, ఇంట్లో పొడుగు జుట్టున్నవాళ్ళు ఎంతమంది అని అడుగుతాను. మూడో ప్రశ్న వేళాకోళం అనుకుంటారు. కాదు. తోక మోటర్ ఇరుసుకి చుట్టుకున్న ఒకే ఒక్క వెంట్రుక వల్ల నా హెలికాప్టర్ రెండు రోజులు డైనింగ్ టేబుల్ మీద పడుకుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వీడియోల్లో ఏది బాగా ఎగురుతోందో చూసి కొనేవాళ్ళే ఎక్కువ. మొదటి నెలలో మీరు ఎగరేసేది తక్కువ, పడేసేది ఎక్కువ. కాబట్టి ఎగిరే తీరు పక్కన పెట్టి, పడ్డాక ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో మళ్ళీ లేస్తుందో చూడండి. నేను కింద చెప్పే పోలికంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఇంకో మాట. డ్రోన్ ఎగరేసిన అనుభవం ఉంది కదా, ఇది ఎంతసేపు అనుకోకండి. కెమెరా డ్రోన్‌కి స్టిక్ వదిలేస్తే జీపీఎస్ పట్టుకుని ఉన్నచోటే నిలబడుతుంది. చిన్న హెలికాప్టర్‌లో చాలావాటికి ఆ సాయం ఉండదు. స్టిక్ వదిలినా అది వెళ్తున్న వైపే వెళ్తుంది, గోడ వచ్చేదాకా.

రెండు రెక్కల వరసలు: పిల్లలకి, చలికాలం సాయంత్రాలకి

ఒకే ఇరుసు మీద పైన ఒక జత, కింద ఒక జత రెక్కలు ఉండి, ఎదురెదురుగా తిరిగేవి మొదటి రకం. వీటిని కోయాక్సియల్ అంటారు. పెద్ద రెక్క ఒకవైపు తిరిగితే బాడీ రెండోవైపు తిరగబోతుంది. ఇక్కడ రెండు జతలూ ఒకదాని తిప్పుడుని ఇంకొకటి కొట్టేస్తాయి కాబట్టి తోక ఫ్యాన్ అవసరమే ఉండదు. మన నౌకాదళం దగ్గరున్న కామోవ్ 31 హెలికాప్టర్లదీ ఇదే పద్ధతి.

ఈ రకంలో అందరికీ తెలిసింది సైమా ఎస్107జి. మెటల్ ఫ్రేమ్, మూడు ఛానెళ్ళు (రిమోట్‌తో విడివిడిగా నడిపే కదలికలు), పైన రెక్కలకి అడ్డంగా చిన్న బరువుల కడ్డీ. దాని తోక దగ్గర ఒక బుల్లి ఫ్యాన్ పైకి చూస్తూ ఉంటుంది. అది తోకని ఎత్తి దించుతుంది, అంతే. ముక్కు వంగితే ముందుకి, లేస్తే వెనక్కి. పక్కలకి జరగడం దీనికి రాదు. ఆ లోపమే నేర్చుకునేవాడికి వరం, ఎందుకంటే చూసుకోవాల్సినవి మూడే. ఎనిమిదేళ్ళ పిల్లాడు అరగంటలో సోఫా మీంచి టీపాయ్ మీదకి దించగలుగుతాడు.

ఒక చిక్కు: ఎస్107 రిమోట్ టీవీ రిమోట్‌లా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది. ఎండ పడే బాల్కనీలోకి వెళ్తే సిగ్నల్ తెగిపోతుంది. ఆరుబయట పనికిరాదు. పనికొచ్చినా చిన్న గాలికే కొట్టుకుపోతుంది. బ్యాటరీ లోపలే ఉంటుంది, మార్చుకోవడానికి లేదు. ఏడెనిమిది నిమిషాలు ఎగరేసి, ముప్పావు గంట ఛార్జింగ్ పెట్టి కూర్చోవాలి. అది లేచేదాకా ఆగే ఓపిక పిల్లలకి ఎక్కడిది? మా మేనల్లుడికి కొన్నప్పుడు రెండు హెలికాప్టర్లు కొనాల్సి వచ్చింది. ఒకటి ఎగరడానికి, ఇంకోటి ఛార్జింగ్‌కి.

మీరు పెద్దవాళ్ళై, నిజంగా నేర్చుకుందామనుకుంటే ఇది రెండు వారాల్లో బోర్ కొడుతుంది. అప్పటికి మీ చేతికి వచ్చింది ఎత్తు పట్టుకోవడం ఒక్కటే. హెలికాప్టర్‌లో కష్టమంతా పక్కలకి జారడంలో ఉంది. దీంట్లో అదే లేదు.

ఒకే రెక్కల వరస, నాలుగు ఛానెళ్ళు: నా ఓటు దీనికే

అసలు హెలికాప్టర్‌లా ఒకటే పెద్ద రెక్కల వరస, తోకకి నిలువు ఫ్యాన్. పైకీ కిందికీ నడపడానికి రెక్కల కోణం మారదు. మోటర్ వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. అందుకే దీన్ని ఫిక్స్‌డ్ పిచ్ అంటారు. రెండు సర్వోలు, అంటే చెప్పినంత మేరకే కదిలే బుల్లి మోటర్లు, రెక్కల కింది పళ్ళేన్ని వంచి ముందు, వెనక, పక్కలకి నడిపిస్తాయి. ఆ పళ్ళేన్ని అందరూ స్వాష్‌ప్లేట్ అనే అంటారు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, కాబట్టి ఎండతో గొడవ లేదు.

డబ్ల్యూఎల్ టాయ్స్ వి911 ఈ రకానికి పెద్దన్న. దాని తలమీద ఉన్న బరువుల కడ్డీని ఫ్లైబార్ అంటారు. ఒరిగితే అదే తిరిగి సర్దుకునేలా చేస్తుంది. 1946లో పౌర వాడకానికి అనుమతి తెచ్చుకున్న బెల్ 47 హెలికాప్టర్ తలమీద ఉన్న కడ్డీ చేసేదీ ఇదే పని. తర్వాత వచ్చిన వి911ఎస్‌లో కడ్డీ పోయి దాని పని జైరో, అంటే ఒరుగుడుని పసిగట్టే సెన్సర్, చేస్తోంది. తీసి మార్చుకునే 250 ఎంఏహెచ్ బ్యాటరీ, చేతిలో ఇమిడే సైజు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళకి నేను దీన్నే చెప్తాను.

ఎందుకంటే, ఇది పడితే ఏమీ కాదు. "ఏమీ కాదు" అన్నది కాస్త ఎక్కువే, కానీ చాలా కాదు. బరువు అతి తక్కువ, ప్లాస్టిక్ వంగే రకం, రెక్కలు తగలగానే మడుచుకుంటాయి. నాది ఒకసారి రెండో అంతస్తు బాల్కనీ నుంచి సిమెంట్ రోడ్డు మీద పడింది. పైడొప్ప ఊడి పక్కకెళ్ళింది, దాన్ని తగిలించి మళ్ళీ ఎగరేశాను. తర్వాత కరివేపాకు చెట్టులో ఇరుక్కుని తోక గొట్టం విరిగింది. కొత్త గొట్టం వేయడానికి సన్న స్క్రూడ్రైవర్, అరగంట, అంతే.

మొదటి బ్యాటరీ ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. థ్రాటిల్ (మోటర్ వేగం మార్చే స్టిక్) కొంచెం కొంచెంగా పెంచుతారు. నేల మీంచి జానెడు లేచి, ఐస్ మీద పెట్టినట్టు ఏదో వైపుకి జారుతుంది. భయపడి థ్రాటిల్ తగ్గిస్తారు, పక్కకి పడుతుంది. ఇలా పదిసార్లు. తప్పు మీ చేతిది కాదు, ఎత్తుది. రెక్క కిందికి తోసిన గాలి నేలకి కొట్టుకుని తిరిగొచ్చి దాన్నే కుదిపేస్తుంది. మోకాలి ఎత్తు దాటితే ఒక్కసారిగా కుదురుకుంటుంది. కాబట్టి భయంభయంగా జానెడు ఎత్తులో ఆడించకుండా, గది మధ్యలో పెట్టి నడుము ఎత్తుకి ఒకేసారి లేపండి. గోడకి దగ్గరైనా ఇదే గొడవ, గాలి తిరిగొచ్చి గోడవైపే లాగుతుంది.

ఇంకోటి, ఎడమకి జారడం. పెద్ద రెక్క పైనుంచి చూస్తే గడియారం ముళ్ళ దిశలో తిరిగే మోడళ్ళే ఎక్కువ. వాటిలో బాడీ తిరగకుండా ఆపే తోక ఫ్యాన్ మొత్తం హెలికాప్టర్‌ని ఎడమకి నెడుతుంది. దానికి విరుగుడుగా కొద్దిగా కుడికి ఒరిగి నిలబడితేనే నిజమైన హోవర్, అంటే గాల్లో ఉన్నచోటే నిలవడం. కొత్తవాళ్ళు ఆ ఒరుగుడు చూసి వస్తువు చెడ్డదని వాపసు పంపేస్తుంటారు.

తోక మీవైపు ఉండేలా నిలబెట్టడం వారంలో వస్తుంది. ముక్కు మీవైపు తిప్పి నిలబెట్టడం రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. కుడి ఎడమలు తారుమారవుతాయి. ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించి రివర్స్ చేసేవాళ్ళని చూశారా? స్టీరింగ్ ఒకవైపు, ట్రాలీ ఇంకోవైపు. వాళ్ళు ఆలోచించి తిప్పరు, చెయ్యే తిప్పుతుంది. ఇదీ అంతే. నాకు పనికొచ్చిన చిట్కా ఒకటుంది: అది ఎటు ఒరుగుతుంటే స్టిక్ కూడా అటే పెట్టండి, కింద దన్ను పెట్టినట్టు. ముక్కు మీవైపు ఉన్నప్పుడు సరిగ్గా అదే కావాలి.

దీని హద్దులూ చెప్పాలి. గాలిలో కష్టం. ఎత్తు మార్చడానికి మోటర్ వేగం మారాలి కాబట్టి ప్రతి ఆజ్ఞకీ కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. తలకిందులుగా ఎగరదు. ఈ మూడూ మీకు ఇబ్బంది అనిపించే రోజు వచ్చిందంటే తర్వాతి మెట్టుకి సిద్ధమైనట్టే. ఆలోగా ఇబ్బంది పడకండి.

ఎత్తు తనే పట్టుకునేవి

ఈమధ్య గాలి పీడనం కొలిచే సెన్సర్‌తో ఎత్తు తనంతట తనే పట్టుకునే ఫిక్స్‌డ్ పిచ్ మోడళ్ళు వచ్చాయి. ఆర్‌సీ ఎరా సి186 అలాంటిది. అసలు బీఓ 105 హెలికాప్టర్ రూపం, నాలుగు రెక్కలు, చూడముచ్చటగా ఉంటుంది. ఒక బటన్ నొక్కితే లేస్తుంది, ఇంకోసారి నొక్కితే దిగుతుంది.

చూడ్డానికీ చూపించడానికీ ఇది బాగుంటుంది. భోజనాల తర్వాత పది నిమిషాలు హాల్లో తిప్పుకోవడానికి ఇంతకంటే సుఖమైనది లేదు. కానీ నేర్చుకోవడానికి వద్దంటాను. ఎత్తు చూసుకోవాల్సిన ఎడమ చెయ్యి ఏమీ నేర్చుకోదు. తర్వాత మామూలు హెలికాప్టర్ పట్టుకున్నప్పుడు మొదటి నిమిషంలోనే అది సీలింగ్‌కి తగులుతుంది. పైగా సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నా, బాల్కనీ తలుపు ధడాలున పడినా గదిలో పీడనం మారి ఎత్తు పట్టు తప్పుతుంది.

కలెక్టివ్ పిచ్: దారి ఇటే, కానీ మొదటి అడుగు ఇక్కడ కాదు

ఇందులో మోటర్ దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. రెక్కల కోణం మార్చి పైకీ కిందికీ నడుపుతారు. కోణాన్ని మైనస్‌లోకీ తిప్పొచ్చు కాబట్టి తలకిందులుగా నిలబడుతుంది. గాలిని తట్టుకుంటుంది, చెప్పిన క్షణంలో కదులుతుంది. ఒకసారి దీని రుచి మరిగినవాళ్ళు వెనక్కి వెళ్ళరు.

చిన్నవాటిలో ఎక్కువమంది ఎక్కే మొదటి మెట్టు ఎక్స్‌కే కె110. పెద్ద మోటర్ బ్రష్‌లెస్ (లోపల అరిగిపోయే బ్రష్‌లు లేనిది), తోకది మామూలు బ్రష్ మోటర్, 450 ఎంఏహెచ్ బ్యాటరీ. రిమోట్ మీద 6జి అని ఒక స్విచ్ ఉంటుంది. అందులో ఉంటే స్టిక్ వదిలినప్పుడు తనే నిటారుగా సర్దుకుంటుంది. 3డి లోకి వేస్తే ఆ సాయం పోతుంది. ఒరిగితే ఒరిగినట్టే ఉంటుంది. బ్లేడ్ కంపెనీ నానో ఎస్3 కూడా ఈ సైజుదే. నాణ్యత బావుంటుంది, ధరా అలాగే ఉంటుంది, మన దగ్గర విడిభాగాలు దొరకడం గగనం. ఓఎంపీ హాబీ ఎం2, గూస్కీ ఎస్2 ఇంకో మెట్టు పైన. అవి గ్రౌండ్‌లో ఎగరాల్సినవి, హాల్లో ఆన్ చేయడమే తప్పు. ఆ రెక్కలు బొమ్మ రెక్కలు కావు, తగిలితే కుట్లు పడతాయి.

ఫిక్స్‌డ్ పిచ్‌కీ దీనికీ ఉన్న తేడా చేతిలోనే తెలుస్తుంది. 3డి మోడ్‌లో భయపడి స్టిక్ మొత్తం కిందికి లాగారనుకోండి. ఫిక్స్‌డ్ పిచ్ అయితే మోటర్ ఆగి పడుతుంది. ఇది ఆగదు. రెక్కల కోణం మైనస్‌లోకి వెళ్ళి, పూర్తి బలంతో నేలకి కొట్టుకుంటుంది. అందుకే దీంట్లో ముందు నేర్చుకోవాల్సింది ఎగరేయడం కాదు, థ్రాటిల్ హోల్డ్ నొక్కడం. గోడ వైపు వెళ్తోందనిపించగానే కాపాడదామని చూడకుండా హోల్డ్ నొక్కితే మోటర్ ఆగుతుంది, తిరగని రెక్క తగిలినా గీత పడి ఊరుకుంటుంది. తిరుగుతూ తగిలితే పెద్ద గేరు పళ్ళు, ఫెదరింగ్ షాఫ్ట్, రెక్కలు మూడూ పోతాయి. నేను కె110 పెట్టెలోంచి తీసిన రోజున ఆ మూడూ పోగొట్టాను. అప్పటికి వి911తో ఆరు నెలల అనుభవం ఉంది. అయినా వేలు హోల్డ్ దాకా వెళ్ళలేదు.

ఫెదరింగ్ షాఫ్ట్ అంటే తల లోపల అడ్డంగా ఉండే సన్నటి ఉక్కు పుల్ల. రెండు రెక్కల పట్లూ దాని మీదే ఉంటాయి. క్రాష్ తర్వాత హెలికాప్టర్ కంటికి బాగానే కనిపిస్తూ, లేపగానే వణుకుతుంటే అనుమానం దాని మీదే. బయటికి తీసి అద్దం ముక్క మీద దొర్లించండి. వంగితే టకటకమంటూ దొర్లుతుంది. సరిచేద్దామని పట్టకారుతో నొక్కకండి, కొత్తది వేయండి. ఇవి ఒకేసారి నాలుగు తెప్పించుకోవాలి.

సిమ్యులేటర్ కొంటే హెలికాప్టర్ మిగులుతుంది

కలెక్టివ్ పిచ్ వైపు వెళ్ళాలనుంటే ముందు కంప్యూటర్‌లో ఎగరేయండి. రియల్‌ఫ్లైట్, నెక్స్ట్, హెలి-ఎక్స్ లాంటివి ఉన్నాయి. ఏదైనా సరే. అక్కడ పడితే స్పేస్ బార్, ఇక్కడ పడితే పార్సిల్ కోసం మూడు వారాలు. రోజుకి ఇరవై నిమిషాలు, నెల రోజులు చేస్తే ముక్కు మీవైపు పెట్టి నిలబెట్టడం వస్తుంది. ఆఫీసు నుంచి అలసి వచ్చి చేయబుద్ధి కాదు, నిజమే. అయినా చేయండి.

గేమ్ ప్యాడ్‌తో చేస్తే లాభం లేదు, స్టిక్‌లు పొట్టివి, థ్రాటిల్ మధ్యకి వచ్చేస్తుంది. అసలు రిమోటే కంప్యూటర్‌కి తగిలించాలి. ఇక్కడే నేను పెట్టిన డబ్బుల్లో అన్నిటికంటే కలిసొచ్చిన ఖర్చు ఉంది: మల్టీ ప్రోటోకాల్ రిమోట్, అంటే వేర్వేరు కంపెనీల రేడియో భాషలన్నీ వచ్చిన రిమోట్. రేడియోమాస్టర్‌వాళ్ళ ఫోర్-ఇన్-వన్ మాడ్యూల్ ఉన్న రిమోట్ ఒకటి కొంటే, అదే వి911ఎస్‌తో బైండ్ అవుతుంది (జత కలుస్తుంది), ఫుటాబా కంపెనీ ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ భాష అర్థం చేసుకునే కె110తోనూ బైండ్ అవుతుంది, యూఎస్‌బీ కేబుల్‌తో సిమ్యులేటర్‌కీ పనికొస్తుంది. హెలికాప్టర్లు వస్తుంటాయి, పోతుంటాయి, రిమోట్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. వేళ్ళకి అలవాటైన స్టిక్ మారకపోవడం ఎంత హాయో వాడితేగానీ తెలియదు.

రిమోట్ కొనేటప్పుడు మోడ్ చూసుకోండి. మోడ్ 2లో ఎత్తు, తోక ఎడమ చేతికి, ముందువెనకలు, పక్కలు కుడి చేతికి. మోడ్ 1లో ఎత్తూ, ముందువెనకలూ చేతులు మారతాయి. మీకు నేర్పేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళది ఏదో అదే తీసుకోండి. లేకపోతే మోడ్ 2.

ఎవరికి ఏది

పిల్లలకి, అదీ ఇంట్లోనే అయితే ఎస్107 లాంటి కోయాక్సియల్. కానుకగా ఇవ్వడానికీ అదే. బొమ్మగా అమ్మేవాటికి 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి, పెట్టె మీద చూసుకోండి. నేర్చుకుందామనుకునే పెద్దవాళ్ళకి వి911ఎస్, దాంతోపాటు మూడు బ్యాటరీలు. షోకేస్‌లోనూ గాల్లోనూ అందంగా ఉండాలంటే సి186. కె110 మాత్రం సిమ్యులేటర్‌లో నాలుగు వైపులా తిప్పి నిలబెట్టగలిగాకే. నేరుగా కె110 కొని నేర్చుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వదిలేసి అటక మీద పెట్టినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, వాళ్ళ దగ్గరే నేను సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటాను.

ధరలు వారానికొకలా ఉంటున్నాయి కాబట్టి అంకెలు రాయను. వరస మాత్రం నేను చెప్పిన క్రమమే: కోయాక్సియల్ చవక, కలెక్టివ్ పిచ్ ఖరీదు. డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి 9న నిషేధం వచ్చింది. విడిభాగాలకి అది వర్తించదు. కానీ పూర్తి హెలికాప్టర్‌ని విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌వాళ్ళు దాన్ని బొమ్మ అంటారో డ్రోన్ అంటారో అన్న బెంగ ఉంటుంది. నాది ఒకటి నలభై రోజులు ఆగి వెనక్కి వెళ్ళింది. అప్పటినుంచి ఇక్కడే స్టాకు ఉన్న షాపులో తప్ప కొనడం లేదు. ఇంకా ముఖ్యమైన పరీక్ష: ఆ షాపులో ఆ మోడల్ రెక్కలు, తోక మోటర్, పెద్ద గేరు విడిగా అమ్ముతున్నారా? లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. అది ఒక్క క్రాష్ హెలికాప్టర్.

మార్చాల్సినవి, మార్చకూడనివి

కొన్న వారానికే ఆన్‌లైన్‌లో నీలం రంగు, ఎరుపు రంగు అల్యూమినియం భాగాలు కనిపిస్తాయి. తల, స్వాష్‌ప్లేట్, తోక పట్టు. నగల్లా మెరుస్తాయి. నేనూ కె110కి అల్యూమినియం తల వేశాను. అంతవరకూ పడినప్పుడల్లా విరిగేది తక్కువ ఖర్చులో వచ్చే ప్లాస్టిక్ పట్టు. మెటల్ వేశాక పట్టు విరగలేదు. ఆ దెబ్బ కిందికి దిగి మెయిన్ షాఫ్ట్ వంగింది, ఒక సర్వో పళ్ళు పోయాయి. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు కాలిపోయి టీవీని కాపాడుతుంది కదా, ఆ ప్లాస్టిక్ పట్టు మన ఫ్యూజు. ఫ్యూజులో మందపాటి తీగ చుట్టినవాడికి టీవీ పోతుంది. బరువు పెరగడం అదనం.

పెద్ద బ్యాటరీది ఇంకో ఆశ. వి911ఎస్‌కి 250 బదులు అంతకి రెట్టింపుది టేపుతో కట్టాను, ఎక్కువసేపు ఎగురుతుందని. రెండు నిమిషాలు ఎక్కువే ఎగిరింది. కానీ బరువుకి మోటర్ వేడెక్కి, దించాక ముట్టుకుంటే వేలు కాలింది. వారంలో మోటర్ పోయింది. ఈ బుల్లి బ్రష్ మోటర్లు ఎలాగూ కొన్ని గంటల ఆయుష్షువే, దాన్ని మనమే తగ్గించుకోవడం ఎందుకు. ఒక పెద్ద బ్యాటరీ బదులు నాలుగు చిన్నవి కొనండి. ఒక్కో బ్యాటరీకి మధ్య మోటర్‌కి ఐదు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి.

బ్యాటరీల గురించి రెండు ముక్కలు. ఈ లిపో (లిథియం పాలిమర్) సెల్ నిండితే 4.2 వోల్టులు. ఎగిరే బలం తగ్గిందనిపించగానే దించేయండి, మూడు వోల్టుల కిందికి వెళ్తే మళ్ళీ కోలుకోదు. దించిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకండి. వారం పైన వాడకపోతే నిండుగా కాకుండా 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బినదాన్ని "ఇంకొక్కసారి" అనకుండా పక్కన పెట్టేయండి. ఛార్జింగ్ పెట్టి బజారుకి వెళ్ళొద్దు, మే నెలలో కారు డాష్‌బోర్డులో వదలొద్దు.

డబ్బు పెట్టకుండా వచ్చే మెరుగుదలే చాలా ఉంది. ఫిక్స్‌డ్ పిచ్ వణుకుతుంటే ముందు రెక్కల స్క్రూలు చూడండి. బాగా బిగించేసి ఉంటారు. హెలికాప్టర్‌ని పక్కకి వంచితే రెక్క తన బరువుకి వాలేంత వదులు ఉండాలి. తిరిగేటప్పుడు అదే సర్దుకుని నిటారుగా నిలుస్తుంది. కె110 లాంటివాటిలో అంత వదులు కాదు. వంచితే ఆగాలి, కొద్దిగా విదిలిస్తే వాలాలి. అప్పటికీ వణుకు పోకపోతే తేలికైన రెక్క చివర సెలోటేపు ముక్క అంటించి చూడండి. గోరు వెడల్పు చాలు. వణుకు పెరిగితే టేపు రెండో రెక్కకి మార్చండి.

ఎక్కడ ఎగరేయాలన్నది కూడా ఒక అప్‌గ్రేడే. మైదానాల్లో పొద్దున్నే క్రికెట్ వాళ్ళు ఉంటారు, సాయంత్రం గాలి ఉంటుంది. కార్లన్నీ ఆఫీసులకి వెళ్ళాక సెల్లార్ అంత మంచిచోటు ఇంకోటి లేదు: గాలి లేదు, పైన సీలింగ్ ఉంది కాబట్టి ఎగిరిపోదు, వాచ్‌మన్ తప్ప చూసి నవ్వేవాళ్ళు లేరు. ఆరుబయట అయితే ఎయిర్‌పోర్టు దరిదాపుల్లో వద్దు. ఎనిమిది కిలోమీటర్ల లోపు అనుమతి కావాలి, మిగతాది ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవచ్చు. 250 గ్రాముల లోపు నానో రకానికి 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నేను చెప్పిన హాల్లో ఎగిరేవన్నీ ఆ బరువుకి చాలా లోపే.

ఇక ఆ వెంట్రుక. కె110 ఒకరోజు లేవగానే ముక్కు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తోక మోటర్ పోయిందనుకున్నాను, కొత్తది ఆర్డర్ పెట్టాను. కె110 తోకకి బ్రష్‌లెస్ మోటర్ వేసుకునేవాళ్ళు ఉన్నారు, నేనూ అదే చేద్దామని టంకం సామాను కూడా బయటికి తీశాను. మా ఆవిడ కాఫీ పెట్టడానికి వస్తూ, టేబుల్ లైటు వెలుతురులో తోక ఫ్యాన్ వైపు చూసి, "అక్కడ ఏదో చుట్టుకుందేంటి?" అంది. ఫ్యాన్‌కీ మోటర్‌కీ మధ్య గోరు మందం సందులో వెంట్రుక గట్టిగా చుట్టుకుని నల్లటి ఉంగరంలా ఉంది. ఫ్యాన్ లాగేసి, కొత్త బ్లేడు అంచుతో ఆ ఉంగరాన్ని ఒకచోట కోసి, కనుబొమ్మలు తీసే పట్టకారుతో లాగితే మూరెడు వచ్చింది. ఫ్యాన్ తిరిగి నొక్కేటప్పుడు అర మిల్లీమీటర్ సందు వదిలాను, మోటర్‌కి ఆనకుండా. హాల్లో ఫ్యాన్ ఆపి లేపితే తోక రాయిలా నిలబడింది. ఆర్డర్ పెట్టిన మోటర్ ఇంకా కవర్లోనే ఉంది. ఆ పట్టకారు మాత్రం అప్పటినుంచి నా టూల్స్ డబ్బాలోనే ఉండిపోయింది, మా ఆవిడ ఇంకోటి కొనుక్కుంది.